చేతిమీద రాత

మా ఆయనకు కంకిపాడులో ఫోటో స్టూడియో ఉండేది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక దాన్ని మూసేసి, విజయవాడలో అద్దె ఇంట్లో కంప్యూటరు పెట్టుకుని, ఇంటర్నెట్‌లో ఫోటోలు అమ్మే లైబ్రరీలకు పంపడం మొదలుపెట్టారు. నేను చదివింది ఐదో తరగతి. అయినా పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పారు. ఫోటోను బాగా పెద్దది చేసి ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతకాలి. దుమ్ము చుక్కలు తుడవాలి. బండి నంబరు, బిస్కెట్ పొట్లం మీది పేరు, దుకాణం బోర్డు ఏదీ మిగలకూడదు, ఉంటే లైబ్రరీ వాళ్లు ఫోటో తీసుకోరు. పక్కనున్న రంగు తెచ్చి దానిమీద కప్పేయడమే.

"ఆ నంబరు తీసేశావా? లేకపోతే ఆ బండాయన మనింటికొచ్చి టీ అడుగుతాడు," అనేవారు.

ఆయన పోయి రెండేళ్లు. వంట అరగ్లాసు బియ్యంతో అయిపోతుంది. ఆ తర్వాత రోజంతా నేనూ, ఆ కంప్యూటరూ.

పోయిన వేసవిలో కెమెరా పాత మెమరీ కార్డులో ఒక ఫోటో దొరికింది. కాలువ గట్టు మీద టీ తాగుతూ, "నువ్వొకటి తియ్యి," అని ఆయన కెమెరా నా చేతికిచ్చినప్పటిది. ఆయన ముఖం పడలేదు. చెయ్యి, గ్లాసు, వెనకాల నీళ్లు. "నువ్వు తీసిన ఫోటో ఒక్కటన్నా లైబ్రరీ వాళ్లు తీసుకోవాలే," అని ఆయనకు భలే కోరిక. అందుకే దాన్ని శుభ్రం చేసి, టీ, చెయ్యి, కాలువ అనే మాటలకు ఫోన్లో ఇంగ్లీషు వెతికి ఫోటో కింద రాసి పంపాను.

నాలుగు రోజులకు జవాబొచ్చింది. అంతా బాగుందట. చేతిమీద రాత మాత్రం తీసెయ్యాలట.

ఆ రాత నా పేరు. పెళ్లైన కొత్తలో తిరునాళ్లకు వెళ్లి పచ్చబొట్టు పొడిపించుకొచ్చారు. "అది చెయ్యా, పలకా?" అని మా అత్తగారు తిట్టిపోశారు.

చల్లపల్లిలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేశాను.

"తీసెయ్యక్కా, పది నిమిషాల పని. నీ ఫోటో తీసుకుంటున్నారంటే బావగారు ఊరంతా చెప్పుకునేవారు."

"నా పేరే అది."

"ఫోటోలో తీసేస్తే నీ పేరు ఎక్కడికి పోద్ది?"

నిజమే అనుకున్నాను. మధ్యాహ్నం కూర్చుని, మోచేతి దగ్గర చర్మం తెచ్చి మొదటి అక్షరం మీద కప్పాను. అసలెప్పుడూ అక్కడ ఏమీ లేనట్టు పోయింది. రెండో అక్షరం దగ్గర చెయ్యి ఆగింది. చెల్లెలికి నేను అక్కని. దాని పిల్లలకు పెద్దమ్మని. వీధిలో అందరికీ ఆంటీని. గ్యాసు తెచ్చే అతనికి అమ్మని. పేరు పెట్టి పిలిచింది ఆయన ఒక్కరే. రెండేళ్లుగా ఆ మాట నా చెవిన పడలేదు.

చెరిపిన అక్షరాన్ని వెనక్కి తెచ్చాను. ఫోటో పంపలేదు. మీ కోరిక తీర్చలేనండీ అని ఆ చేతికే చెప్పుకున్నాను. తర్వాత అక్షరాలు తెరంతా నిండేలా పెద్దవి చేసి, ఆయన పిలిచినట్టే చివర కాస్త సాగదీసి, పైకి చదివాను. బాగానే గట్టిగా చదివినట్టున్నాను.

గోడ అవతల నుంచి పక్కింటావిడ కేకేసింది. "ఎవరండీ ఆంటీ, చుట్టాలొచ్చారా?"

"ఎవరూ లేరమ్మా," అన్నాను.