పాట మోగింది, ఫోన్ మోగలేదు

ఈ రోజు సోమాజిగూడలో మా చెల్లెలికి ఆపరేషన్. లోపలికి తీసుకెళ్ళేముందు నా చేత్తో అమ్మవారి కుంకుమ పెట్టమని అడిగింది. అందుకే పొద్దున్నే అమీర్‌పేటలో గుడికి వెళ్ళాను. లోపలికి పోయేముందు ఫోన్‌లో గంట బొమ్మ నొక్కి శబ్దం తీసేశాను. అర్చన అయ్యాక ఆటో ఎక్కి, ఫోన్ పక్కనున్న బటన్‌తో శబ్దం పూర్తిగా పెంచాను. పనిచేస్తోందో లేదోనని ఒక హారతి వీడియో పెడితే ఆటో అతను ఉలిక్కిపడ్డాడు. ఇక నిశ్చింత అనుకున్నాను.

పంజాగుట్ట ట్రాఫిక్ దాటి ఆసుపత్రికి చేరేసరికి చెల్లెలి కూతురు ఏడుపు ముఖంతో ఎదురొచ్చింది.

"ఎంతసేపటి నుంచి చేస్తున్న పెద్దమ్మా! టైం ముందుకు జరిపిన్రు, అమ్మను లోపలికి తీస్కపోయిన్రు."

"మోగలేదు బిడ్డా. సౌండ్ మొత్తం పెంచిన గదా!"

అది ఫోన్ తీసుకుని చూసింది. "నువ్వు పెంచింది పాటల సౌండ్. రింగుది బందే ఉంది. వైబ్రేషన్ సుత లేదు."

"ఒక్క ఫోన్‌ల ఎన్ని సౌండ్లుంటయే?"

కుంకుమ పొట్లం పట్టుకుని తలుపు బయటే కూర్చున్నాను. అమ్మవారి దయవల్ల మధ్యాహ్నానికి చెల్లెలు క్షేమంగా బయటికొచ్చింది. మత్తులోనే "అక్క వచ్చిందా?" అని అడిగింది. నుదుట కుంకుమ పెట్టాను గానీ, తను అడిగింది లోపలికి వెళ్ళేముందు.

రాత్రికి ఆసుపత్రి నుంచి మళ్ళీ ఫోన్ రావచ్చు. అమ్మాయి అన్నీ సరిచేశానంది. నాకే నమ్మకం కుదరడం లేదు. ఇది చదివిన వాళ్ళలో నా నంబర్ ఉన్నవాళ్ళు ఒక్కసారి నాకు ఫోన్ చేయండి. నేను ఎత్తకపోతే కింద కామెంట్‌లో చెప్పండి.