జెండా దించిన గొయ్యి

తవ్వకం బండి మీద ముప్పయ్యేళ్ళు కూర్చున్నవాడికి ఏం మిగులుతుంది? నడుంనొప్పి, చెవుల్లో హోరు. మన డ్రైవరుకి ఆ హోరు కూడా మిగల్లేదు. డీజిలింజను పక్కన కూర్చుని కూర్చుని రెండు చెవులూ పూర్తిగా పోయాయి. ఈ సంగతి పురుగుక్కూడా తెలియనివ్వలేదు మహానుభావుడు. పెదాలు చూసి మాట పట్టేసేవాడు. ఇంట్లో పెళ్ళాం పిలవకముందే కంచం ముందు కూర్చునేవాడు. చెవిటివాణ్ణి ఆ సీట్లో ఎవడు ఉంచుతాడు చెప్పండి?

సైటులో మాత్రం చెవులతో పనే పడలేదు. ఆ ఇంజను రొదలో చెవులున్నవాడూ చెవిటివాడే. అందుకే గొయ్యి గట్టు మీద ఎర్రజెండా పట్టుకుని అతని బావమరిది నిలబడేవాడు. జెండా లేస్తే బండికున్న మన్ను తవ్వే బకెట్ ఆగాలి, దిగితే కదలాలి. అన్నేళ్ళలో ఒక్కడి గోరు కూడా ఊడలేదు.

అప్పుడు దిగింది కరెంటు బండి. పొగ లేదు, రొద లేదు, పిల్లిలా కదులుతుంది. సూపర్‌వైజరు మురిసిపోయాడు. "ఇంక జెండా ఎందుకోయ్? కేకేస్తే వినిపిస్తుందిగా! పార పట్టుకుని గోతిలోకి దిగు" అని బావమరిదిని కిందకి తోలాడు.

డ్రైవరు ఆ క్షణాన "జెండా ఉంచండి సార్" అనుంటే సరిపోయేది. అంటే ఎందుకని అడుగుతారు, చెవులు పరీక్ష చేయిస్తారు, సీటు పోతుంది. నోరు కుట్టేసుకున్నట్టు ఊరుకున్నాడు, సిగ్గులేని మనిషి!

బావమరిదికి అనుమానం వచ్చింది. మధ్యాహ్నం తిళ్ళ దగ్గర అందరి ముందూ, "బావా, పొద్దుట్నుంచి గొంతు చించుకుంటున్నా పలకవేం? చెవుడొచ్చిందా ఏంటి?" అని నవ్వాడు. గుట్టు బయటపడిపోతుందని డ్రైవరుకి భయం పట్టుకుంది. ఆ భయంలోనే గొంతు లేచింది.

"ఇంకోసారి ఆ మాటన్నావంటే ఆ గోతిలోనే పూడ్చేస్తానొరేయ్!"

మర్నాడు గోతిలో బావమరిది కాలు బురదలో ఇరుక్కుంది. "బావా! ఆపు బావా!" అని వాడరిచిన అరుపు వీధి చివర టీకొట్టు దాకా వినపడింది. బకెట్ ఆగలేదు.

వాణ్ణి ఆస్పత్రిలో పడేశాక, "నాకు చెవులు వినపడవండీ" అని డ్రైవరు అందరి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఎవడు నమ్ముతాడు? "నిన్న పూడ్చేస్తానన్నాడు, ఇవాళ పూడ్చాడు" అన్నారు తోటివాళ్ళు. జెండా తీయించిన పెద్దమనిషేమో బండి తాళాలు లాక్కుని ఇంటికి తరిమాడు. పెళ్ళాం మొహం మీదే అడిగేసింది.

"ఇన్నేళ్ళూ నేనేమన్నా టక్కున జవాబిచ్చావు. నా తమ్ముడరిస్తే మాత్రం చెవుడొచ్చిందా? దొంగనాటకాలు!"

అంత శ్రద్ధగా దాచాడు మరి, అనుభవించద్దూ!

ఆ మర్నాటి సాయంత్రం తలొంచుకుని అన్నం తింటున్నాడు. కూర చప్పగా ఉంది. "కాస్త ఉప్పియ్యి" అన్నాడు. రాలేదు. "ఉప్పేదే?" అన్నాడు విసుగ్గా. తల తిప్పి చూస్తే వెనకాలే పెళ్ళాం, చేతిలో ఫోను, కళ్ళనిండా నీళ్ళు. పెదాలు కదిలాయి.

"తమ్ముడు పోయాడు. ఇక్కడే నిలబడి మూడుసార్లు చెప్పాను. నువ్వు ఉప్పడిగావు."

అతను చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు. ఆమె ఉప్పుగిన్నె తెచ్చి కంచం పక్కన పెట్టి, అతని ఎదురుగా కూర్చుంది. అతనికి తెలిసేలా ఒక్కో మాటా విడదీసి అంది.

"ఇప్పుడు నమ్మాను. ఈ ముక్క ముందే చెప్పుంటే వాడి చేతిలో జెండా ఉండేది కదయ్యా."