జేబులో ఉండిపోయిన చీటీ

పంతొమ్మిదేళ్ళుగా నా దగ్గర ఒక కాగితం ఉంది. అరచేయంత ఉంటుంది. దాన్ని చించలేదు, కాల్చలేదు, ఎవరికీ చూపించలేదు. చొక్కాలు చిరిగిపోయాయి, ట్రంకుపెట్టె తుప్పు పట్టింది, నా పళ్ళు ఊడిపోయాయి. అది మాత్రం నాతోపాటే వస్తోంది. మా ఆవిడ పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "మీ మనసులో ఏదో ఉంది, చెప్పండి" అంది. ఏమీ లేదన్నాను. చావబోయే మనిషికి కూడా అబద్ధమే చెప్పాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందని నేను అనుకోవడం లేదు. పోవాలని అడగడమూ లేదు. మోయలేకపోతున్నాను, అంతే.

నేను నందివాడ వైపు ఒక పల్లెకు మునసబుగా చేశాను. మా నాన్న మునసబు, మా తాత మునసబు. శిస్తు వసూలు చేయడంతోపాటు నాకు ఇంకో పని ఉండేది. మా ఊరి చివర ఇరవై దాకా ఎరుకల ఇళ్ళున్నాయి. బుట్టలూ తట్టలూ అల్లుకుని బతికేవాళ్ళు. ఆ కులంలో పుట్టినవాళ్ళంతా దొంగలేనని సర్కారు చట్టం చేసి పేర్లు రాసి పెట్టుకుంది. దొంగతనం చేశారా లేదా అని అడిగే పనే లేదు. మీసం మొలిచిన ప్రతివాడూ రోజూ దీపాలు పెట్టే వేళకు మా అరుగు ముందుకొచ్చి నిలబడాలి. నేను పుస్తకం తెరిచి పేరు పిలిస్తే "హాజరండీ" అనాలి. ఊరి పొలిమేర దాటాలంటే నేను సంతకం పెట్టిన చీటీ దగ్గరుండాలి. లేకపోతే జైలు. అంత అధికారం చేతికొస్తే మనిషి ఎలా తయారవుతాడో నన్ను చూసి తెలుసుకోవచ్చు.

వాళ్ళలో అంకయ్య కొడుకు నాంచారయ్య. పక్క ఊళ్ళో మిషను బడి ఉండేది. ఆ బడి నడిపే ఏసురత్నం మాస్టారు పిల్లవాడు చురుగ్గా ఉన్నాడని కూర్చోబెట్టి చదివించాడు. పగలు నా చీటీ పట్టుకుని బడి, సాయంత్రం మా అరుగు ముందు హాజరు, ఆ తర్వాత ఇంట్లో బుట్టలల్లడం. అలా చదివి, పంతొమ్మిదేళ్ళకు ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్షలో జిల్లాలోనే మంచి మార్కులతో ప్యాసయ్యాడు. బందరులో ట్రైనింగు స్కూల్లో సీటొచ్చింది. రెండేళ్ళు చదివితే మాస్టారైపోతాడు. ట్రైనింగులో చేరితే హాజరు పుస్తకంలోంచి పేరు కూడా కొట్టేస్తామని పైవాళ్ళు మాట ఇచ్చారు. ఆ ఊళ్ళో అటువంటి మాట విన్నవాడు అతనొక్కడే.

ఆ ఏడే మా అబ్బాయి స్కూలు ఫైనలు మూడోసారి తప్పాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్విందని ఏడ్చిందట ఒకావిడ. నా ఏడుపూ అదే. నాంచారయ్య నవ్వలేదు పాపం. వాడి నాన్న అంకయ్య కూడా మా ఇంటి ముందు ఎప్పటికంటే ఎక్కువగానే వంగి నడిచాడు. అయినా నాకు నవ్వు వినిపించింది.

బందరులో కొందరు పెద్దమనుషులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఏటా ఒకసారి సభ చేసి, అడుగునుంచి పైకొచ్చిన పేద పిల్లలకు శాలువాలు కప్పేవారు. ఆ ఏడు నాంచారయ్యను పిలిచారు. ఊరి మునసబును కాబట్టి నాకూ ఒక ఆహ్వానం పంపారు.

సభకు రెండు రోజుల ముందు చీటీ కోసం వచ్చాడు. నేను పుస్తకం తెరిచి రాశాను. 'అంకయ్య కొడుకు నాంచారయ్య బందరు వెళ్ళి రెండు రోజుల్లో తిరిగి రావడానికి అనుమతి.' తేదీ వేశాను. సంతకం చేశాను. ఇసక చల్లి ఆరబెట్టాను కూడా. అతను చెయ్యి చాచాడు.

నేను ఆ కాగితాన్ని పుస్తకం కింద పెట్టేశాను.

"సన్మానానికి పిలిచినవాడికి చీటీ ఏమిట్రా? నువ్విప్పుడు పెద్దవాడివయ్యావు. నేనున్నానుగా. వెళ్ళిరా" అన్నాను.

చాలా ప్రేమగా అన్నాను. నా గొంతులో అంత తీపి అతనెప్పుడూ వినలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఎందుకలా చేశాను? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను, అడిగిన ప్రతిసారీ నాకు నేనే ఒక కొత్త జవాబు చెప్పుకుంటున్నాను, ఒకరోజు మరిచిపోయానని, ఒకరోజు నిజంగానే మంచితనంతో అన్నానని, ఇంకోరోజు ఊరికే కాస్త బెదిరిద్దామనుకున్నానని. మరిచిపోతే సంతకం ఎలా చేశాను? మంచితనమైతే కాగితాన్ని ఎందుకు దాచాను?

అసలు సంగతి ఇది. అటువంటి సభలకు పోలీసు ఇనస్పెక్టరు తప్పకుండా వస్తాడు, ముందు వరసలో కూర్చుంటాడు. చీటీ ఏదిరా అని ఎవరో ఒకరు అడుగుతారు. వీడు తెల్లమొహం వేస్తాడు. అప్పుడు నేను లేచి, జేబులోంచి చీటీ తీసి, "నా దగ్గరుందండీ, ఈ పిల్లవాడికి నేను పూచీ" అంటాను. సభంతా నన్ను చూస్తుంది. వాడికి దక్కాల్సిన చప్పట్లలో సగం నాకొస్తాయి. గుడివాడలో రైలెక్కిన దగ్గర్నుంచి బందరులో దిగేదాకా ఈ ముచ్చటే నెమరేసుకుంటూ కూర్చున్నాను. ముందురోజు సాయంత్రం హాజరు పుస్తకంలో అతని గడి ఖాళీగా వదిలేశాను. ఎలా కావాలంటే అలా నింపుకోవచ్చని.

హాలు నిండిపోయింది. నాంచారయ్య ఉతికిన పంచె, ఎవరిదో వదులు చొక్కా వేసుకుని వేదిక మీద కూర్చున్నాడు. శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాడు. నా వైపు చెయ్యి చూపించాడు.

"మా మునసబు గారు అదుగోనండి, మూడో వరసలో కూర్చున్నారు. నేను చీటీ అడిగితే, నీకు చీటీ ఎందుకురా, నేనున్నానుగా అన్నారండి. మా నాన్న, మా తాత ఎన్నడూ చీటీ లేకుండా పొలిమేర దాటలేదండి. మా వాళ్ళలో నేనే మొదటివాణ్ణి. ఆయన నన్ను దొంగలా చూడలేదండి. సొంత కొడుకులా చూశారండి."

చప్పట్లు మోగాయి. జనం వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను కోరుకున్నదంతా నేను అడక్కుండానే, వేలు కదపకుండానే అతను నాకు ఇచ్చేశాడు. సొంత కొడుకులా అన్నాడు. నా సొంత కొడుకు ఆ సమయంలో ఇంట్లో పడుకుని ఉన్నాడు. ఆ మాట వినగానే నా ఒళ్ళు మండిపోయింది. ఒక ఎరుకలవాడు పదిమంది ముందు నాకు కొడుకైపోయాడా? నాకు ఆ రోజు వచ్చిన ఆలోచన ఇదే. సిగ్గుపడుతున్నాను గాని మార్చి రాయలేను.

ముందు వరసలోంచి ఇనస్పెక్టరు లేచాడు. మంచివాడే. నవ్వుతూనే అడిగాడు.

"ఏమండీ మునసబు గారూ, చీటీ లేకుండా వెళ్ళమన్నారా?"

నా చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. కాగితం వేళ్ళకు తగిలింది. ఇక్కడ మీరొక మాట అనుకుంటారు. భయపడి ఉంటాడు, ఉద్యోగం పోతుందని వణికి ఉంటాడు అనుకుంటారు. ఆ సాకు నాకు లేదు. ఆ కాగితం బయటికి తీస్తే నా ఉద్యోగానికీ ఢోకా లేదు, అతనికీ ఢోకా లేదు. తీస్తే చాలు.

"నాకేం తెలియదండీ. నాతో చెప్పలేదు" అన్నాను.

అతను నాకేసి చూశాడు. కోపంగా కాదు. నాకు సరిగ్గా వినపడలేదేమోనన్నట్టు చూశాడు. "బాబుగారండీ, మొన్న అరుగు మీద..." అన్నాడు.

"అబద్ధాలు వీళ్ళకు ఉగ్గుపాలతోనే వస్తాయండీ. చదువు చెబితే పోతాయా?" అన్నాను నేను, హాలంతటికీ వినపడేట్టు.

కొందరు నవ్వారు. ఆ నవ్వు నాకు హాయిగానే ఉంది. అదీ చెప్పాలి కదా.

కానిస్టేబులు వచ్చి రెక్క పట్టుకున్నాడు. వేదిక మీది పెద్దమనిషి ఒకాయన "శాలువా" అన్నాడు. ఆ ఒక్క మాటే. నాంచారయ్య శాలువా తీసి, మడత చెదరకుండా మడిచి, బల్ల మీద పెట్టి దిగిపోయాడు. తర్వాతి పిల్లవాడి పేరు పిలిచారు. నేను సభ అయ్యేదాకా కూర్చున్నాను. ఫలహారం పెడితే తిన్నాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఖాళీ గడిలో 'చెప్పకుండా పరారీ' అని రాశాను. ఆరు నెలలు జైలు వేశారు. సీటు పోయింది. ఏసురత్నం మాస్టారు రెండుసార్లు మా ఇంటికొచ్చి, పొరపాటైందని ఒక్క ముక్క రాసివ్వండి అని బతిమాలాడు. రూలు రూలేనండి అన్నాను. తర్వాత ఆయన్ని దివిసీమకు మార్చారు. వెళ్ళేముందు ఊళ్ళో అందరికీ చెప్పి వెళ్ళాడు. మా ఇంటికి రాలేదు.

జైలునుంచి నాంచారయ్య తిరిగొచ్చాడు. వస్తే ఏముంది? మళ్ళీ మా అరుగు ముందే. పదిహేడేళ్ళు రోజూ అతని పేరు నేనే పిలిచాను. రోజూ "హాజరండీ" అన్నాడు. ఒక్కరోజు కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే తిట్టేవాణ్ణి, కొట్టించేవాణ్ణి, నా మనసు కాస్త కుదుటపడేది. అతను ఆ అవకాశం నాకు ఇవ్వలేదు. ఆ కసితో నేను కావాలనే ఆలస్యంగా బయటికొచ్చేవాణ్ణి. గంట, గంటన్నర వాళ్ళను నిలబెట్టేవాణ్ణి. ఆ గంటన్నరలో అతను తండ్రుల వెంట వచ్చిన పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, బొగ్గుముక్కతో మా అరుగు బండల మీద అక్షరాలు దిద్దించేవాడు. వాళ్ళు వెళ్ళాక నేను అరుగు కడిగించేవాణ్ణి. మర్నాడు మళ్ళీ రాసేవాడు. నేను ఎంత ఆలస్యం చేస్తే వాళ్ళకు అంత చదువు వచ్చింది.

ఈమధ్య ఆ చట్టం ఎత్తేశారు. హాజరు పుస్తకం తీసుకుపోయారు. ఆ అరుగు మీద దిద్దుకున్న పిల్లల్లో ఇద్దరు, ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ, ఈ ఏడు ట్రైనింగు పూర్తిచేసి మాస్టర్లయ్యారు. వచ్చే ఆదివారం గుడివాడలో వాళ్ళిద్దరికీ సన్మానం. ఆహ్వానం వచ్చింది. అధ్యక్షుణ్ణి నేను. 'తమ ఇంటి అరుగునే పాఠశాలగా మార్చిన ఉదారులు' అని నా పేరు ముందు అచ్చు వేశారు. నాంచారయ్య పేరు అందులో ఎక్కడా లేదు.

నిన్న ఆ చీటీ పట్టుకుని అతని ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు కూర్చుని ఈతబద్దలు చీలుస్తున్నాడు. తల నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కాగితం చేతిలో పెట్టాను. చదివాడు. తేదీ చూశాడు. సంతకం మీద వేలు పెట్టి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

"దీని గడువు ఎప్పుడో దాటిపోయిందండీ" అని కాగితం నాకు తిరిగిచ్చి, కూర్చుని మళ్ళీ బద్దలు చీల్చుకోసాగాడు.

ఆదివారం సభలో లేచి ఈ చీటీ చదవాలని ఉంది. చదువుతానో లేదో నాకే తెలియదు. నిండు హాల్లో నా నోరు ఏం పలికిందో ఒకసారి చూశాను, దాన్ని మళ్ళీ నమ్మలేను. అందుకే ముందుగా మీకు చెప్పేశాను. ఆదివారం కూడా నేను జేబులోంచి ఏమీ తీయకుండా శాలువా కప్పించుకుని దిగి వస్తే, నేనెవరో మీకైనా తెలిసి ఉంటుంది.