మూడు దెబ్బలకు రెండు

ఏడాదిన్నరగా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. విశ్వవిద్యాలయానికి రాశాను. అందులోని పరిశోధన కేంద్రం డైరెక్టరుకు రాశాను. కలెక్టరు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో వరుసలో నిలబడడానికి బోధన్ నుంచి నిజామాబాద్‌కు రెండుసార్లు బస్సెక్కాను. సమాచార హక్కు దరఖాస్తుకు తప్ప దేనికీ జవాబు రాలేదు. ఆ జవాబు కూడా ‘ఇవ్వలేం’ అనే. ఇక నలుగురూ చదివే చోట రాయడమే మిగిలింది.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, ఏనాడూ లేదు. ఇరవై రెండేళ్ళు చక్కెర మిల్లులో ఫిట్టర్‌గా పనిచేశాను. ఎక్కడైనా శబ్దం వస్తే బోల్టు వదులైందా, బేరింగు అరిగిందా అని చూడడమే నాకు తెలిసిన విద్య. ఇంట్లో పిల్లలకు జ్వరమొచ్చి దిష్టి తీస్తుంటే, ముందు డాక్టరు దగ్గరికి పదండని కొట్లాడిన మనిషిని.

మాది ఎడపల్లి దారిలో ఒక ప్రైవేటు మిల్లు. చెరకు రసాన్ని పాకంగా వండే పెద్ద ఇనుప పాత్రను పాన్ అంటాం. అది ఇల్లంత ఉంటుంది. సీజన్ అయిపోయాక మనుషులు అందులోకి దిగి, గోడలకు పట్టిన గారను గీకుతారు. గీకాక కడగడానికి ఆవిరి వదిలే వాల్వు మాత్రం కింది అంతస్తులో, గోడ వెనక ఉంటుంది. అక్కడి నుంచి పాన్ కనిపించదు.

అందుకని మాకొక పద్ధతి ఉండేది. ఆవిరి వదిలే ముందు వాల్వు దగ్గరి మనిషి పానాతో పైపు మీద మూడు దెబ్బలు కొట్టాలి. లోపల ఎవరైనా ఉంటే రెండు దెబ్బలతో బదులివ్వాలి. బదులు రాకపోతేనే వాల్వు తిప్పాలి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. నాకు నేర్పింది ఖాజా భాయ్. నాకు పానా పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే.

ఆ రోజు వాల్వు దగ్గర ఉన్నది నేను. మూడు కొట్టాను. పైపుకు చెవి ఆనించి విన్నాను. బదులు రాలేదు. వాల్వు తిప్పాను.

లోపల ఖాజా భాయ్ ఉన్నాడు. అందరితో పాటు బయటికి వచ్చినవాడే, మరిచిపోయిన పార కోసం మళ్ళీ దిగాడట.

విచారణ అరగంటలో ముగించారు. నేను దెబ్బలు కొట్టకుండానే ఆవిరి వదిలానని రాశారు. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. అయినా నన్ను తీసేశారు. మిల్లులో సగం మంది నన్ను చూపించి ‘గంగాధర్ కొట్టలేదు’ అన్నారు. తక్కిన సగం ఖాజా లోపల కునుకు తీశాడన్నారు. ఎవరెవరు ఏమన్నారో నాకు ఇప్పటికీ పేర్లతో సహా గుర్తుంది.

ఖాజా భాయ్ తమ్ముడు మహబూబ్‌కు బోధన్‌లో వెల్డింగ్ దుకాణం ఉంది. అన్న పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు వెళితే నన్ను గుమ్మంలోనే ఆపేశాడు.

“మా అన్న జవాబు ఇయ్యకుంట ఉంటడా? నీకు నేర్పినోడే ఆయన. నువ్వు కొట్టలే, గంతే.”

ఆనాటి నుంచి ఆయన నా సలాం తీసుకోలేదు. తర్వాత కొన్నేళ్ళకు మిల్లు మూతపడింది.

ఆ మిల్లుకే పరిశోధన కేంద్రం వాళ్ళు వచ్చారు. దేశ అంతర్గత భద్రత, కట్టడాల భద్రత వాళ్ళ పని. బాంబు పేలినా, భవనం కూలినా శిథిలాల కింద ప్రాణంతో ఉన్నవాళ్ళను చప్పుడును బట్టి కనిపెట్టే పరికరాలు తయారు చేస్తున్నారు. వాటిని పరీక్షించడానికి పాత ఇనుము, పాత గోడలు కావాలట. లోపలి దారులు తెలిసిన మనిషి కావాలని నన్ను పిలిచారు. డైరెక్టరు నన్ను ‘పెద్దాయనా’ అనేవాడు తప్ప ఒక్కనాడూ పేరు అడగలేదు. వాళ్ళ కాగితాల్లో నేను ‘స్థానిక కూలీ’ని. అందరికీ భోజనం ప్యాకెట్లు వచ్చేవి, నాకు తప్ప. నా జొన్నరొట్టె నేను తెచ్చుకునేవాణ్ణి. గారు అని పిలిచింది పరిశోధన చేస్తున్న శ్రావణి మేడం ఒక్కతే.

మూడో రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు రూపాయి బిళ్ళంత పరికరాలను పాన్ పొట్టకు అతికించారు. పాన్ మేన్‌హోల్ మూత బోల్టులతో బిగించి, తుప్పు పట్టి ఉంది. మేడం పైన లాప్‌టాప్ దగ్గర, నేను కింద వాల్వు దగ్గర ఉన్నాం. చేతిలో వాకీటాకీ. విజిల్ వేయగానే అందరూ మాటలు ఆపాలి, అడుగు కూడా కదపకూడదు. విజిల్ పడింది. కొట్టమంది మేడం. ఎన్నని చెప్పలేదు. అలవాటు కొద్దీ నా చేయి మూడు కొట్టి ఆగిపోయింది.

“గంగాధర్ గారూ, ఐదు కొట్టిండ్రా?”

“మూడే మేడం.”

“ఐదు పడ్డయి కదా. మూడు పెద్దవి. కొంచెం ఆగి రెండు చిన్నవి.”

మా పద్ధతి గురించి నేను వాళ్ళలో ఎవరికీ చెప్పలేదు. వాళ్ళు అడగనూ లేదు.

మళ్ళీ మూడు కొట్టాను. మళ్ళీ రెండు. నాలుగు కొట్టమంటే కొట్టాను. నాలుగే పడ్డాయి, తర్వాత ఏమీ లేదు. ఒకటి కొడితే ఒకటే. తిరిగి మూడు కొడితే రెండు. చివరికి మేడం కిందికి వచ్చి పానా తీసుకుంది, నేను పైకి వెళ్ళి తెర చూశాను. మూడు పెద్ద గీతలు లేచాయి. ఒక మనిషి ఊపిరి తీసుకునేంత సేపు ఏమీ లేదు. ఆ తర్వాత రెండు చిన్న గీతలు. పాన్‌కు చెవి ఆనించి కూడా విన్నాను. నా చెవికి ఏమీ అందలేదు. పరికరానికే అందుతోంది.

“పెద్దాయన దోస్త్ ఎవరో లోపల ఉన్నట్టుండు, ఒక చాయ్ పంపుదమా?” అన్నాడు ఒక విద్యార్థి. అందరూ నవ్వారు. వాడు తెలియక అన్నాడు. అయినా నేను మరిచిపోలేదు.

బోల్టులు కోయించి మూత తెరిపించాను. టార్చి వేసి నేనే దిగాను. తుప్పు పొడి, ఎండిన గార, అంతే. ఎలుక లేదు, పావురం లేదు, వదులుగా వేలాడే ముక్క లేదు. పొడి మీద నా అడుగులు తప్ప వేరే జాడ లేదు. మూత తెరిచి ఉన్నప్పుడు మూడు కొడితే మూడే పడ్డాయి. కొత్త బోల్టులతో మూత బిగించాక మళ్ళీ రెండు వచ్చాయి.

డైరెక్టరు వచ్చి చూసి ప్రతిధ్వని అన్నాడు. మూడు దెబ్బలకు ప్రతిధ్వని అయితే మూడు రావాలి కదా సార్ అన్నాను. ఎండకు ఇనుము సాగుతుందన్నాడు. నాలుగు కొట్టినప్పుడు ఎండ లేదా అని అడిగాను. “నువ్వు పానా పట్టుకో పెద్దాయనా, సైన్సు మాకు వదిలెయ్” అన్నాడు. మర్నాటి నుంచి నన్ను రావద్దన్నారు.

నేను దుకాణానికి వెళ్ళి మహబూబ్‌కు అంతా చెప్పాను. ముఖానికి అడ్డం పెట్టుకున్న వెల్డింగ్ అద్దం కూడా దించకుండా విన్నాడు.

“ఇన్నేండ్లకు మంచి కిస్సా తెచ్చినవ్ గంగాధర్.”

“కిస్సా కాదు భాయ్, మిషన్ల ఎక్కింది.”

ఆయన అద్దం దించాడు. “అంటే మా అన్న ఆనాడు జవాబు ఇచ్చిండంటవ్. ఇచ్చినంక గూడ నువ్వు వాల్వు తిప్పినవంటవ్.”

ఆ రికార్డు నా మీది నిందను కడిగేస్తుందనే అనుకున్నాను తప్ప, దాని రెండో వైపు చూడలేదు.

“నాకు వినపడలే భాయ్.”

“గదే సూపియ్యి. మనిషి చెవికి అందదు, మిషన్‌కే అందుతదని నా కండ్లకు సూపియ్యి. గప్పుడు నీ సలాం తీసుకుంట. అప్పటిదాంక మా గడప తొక్కకు.”

సమాచార హక్కు కింద నాకు రెండు కాగితాలు వచ్చాయి. మొదటిదాంట్లో పరీక్ష రోజు నమోదు ‘పనికిరాని శబ్దం’ అని ఉంది. రెండోదాంట్లో అది దేశ భద్రతకు సంబంధించినది కాబట్టి ఇవ్వలేమని ఉంది. పనికిరానిదైతే దేశానికి దానితో భయమేమిటి? దేశ భద్రతంత గొప్పదైతే పనికిరానిదని ఎందుకు రాశారు? శ్రావణి మేడం ఒకసారి ఫోన్ చేసింది. “నేను చూసిన, మీరూ చూసిండ్రు. నా మిషన్ల ఆ ఫైల్ ఇప్పుడు లేదు” అంది. తర్వాత ఆమె నంబరు కలవలేదు.

అది ఖాజా భాయ్ ఆత్మ అని నేను అనడం లేదు. ఏమిటో నాకు తెలియదు. నాకు తెలిసిన ఇనుములో, నాకు తెలిసిన ఆవిరిలో దానికి కారణం దొరకలేదు. ఆనాడు కూడా ఆ రెండు దెబ్బలు పడి ఉంటే, బతిమాలుతున్న మనిషి మీద నేను ఆవిరి వదిలినట్టే. ఆ మాటతో ఎలా బతకాలో నేను చూసుకుంటాను. కానీ కునుకు తీశాడన్న నింద ఆ మనిషి మీద ఉండకూడదు.

వచ్చే నెల మిల్లును తుక్కు కింద కోస్తున్నారని విన్నాను. ముందు పాన్‌నే కోస్తారట.

డైరెక్టరు గారూ, అది కోసేలోపు మీ పరికరాలతో ఒక్క పూట రండి. నన్ను పిలవకండి, అక్కర్లేదు. మహబూబ్‌ను తెర ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పానా మీరే పట్టుకుని మూడు దెబ్బలు కొట్టండి. ఆ తర్వాత పైకి వెళ్ళి, ఆ రెండూ కొట్టింది ఎవరో ఆయన ముఖం చూసి చెప్పండి.