నా మునుం

నాట్లేసేటప్పుడు ఒక్కొక్కరికి పొలంలో ఒక పట్టీ వస్తుంది. మా బాన్సువాడ వైపు దాన్ని మునుం అంటారు. వంగి, వెనక్కి జరుగుతూ నాటేసుకుంటూ పోవాలి. ఎవరికైనా ఆలస్యమైతే రెండు పక్కలా నాట్లు పడిపోయి, ఆ మనిషి మధ్యలో ఇరుక్కుపోతుంది.

ఆ ఏడు ఇరుక్కున్నది నేనే. బండి మీది నుంచి పడ్డాక నా కుడి మోకాలు సరిగ్గా మడత పడదు. బురదలోంచి కాలు తీసిన ప్రతిసారీ ప్రాణం పోయేది. నాట్లకు పోవద్దని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. చెప్పడానికేం, ఆమెకు పొలముందా? మా దగ్గర బదులు నడుస్తుంది. నేను నీ పొలంలో నాటేస్తేనే నువ్వు నా పొలానికి వస్తావు. నిజాంసాగర్ నీళ్లు వదిలాక అందరికీ ఒకేసారి తొందర. నేను పోకపోతే నా ఎకరం బీడే. అందుకే నొప్పి దాచి, నవ్వుకుంటూ పోయాను.

ఒకరోజు తలెత్తి చూస్తే మా ఆయన అక్క, నా వదిన, తన మునుం వదిలి నా దాంట్లో నాటేస్తోంది. చప్పుడు చేయకుండా, నాకు తెలియకూడదన్నట్టు. మిగతావాళ్లు చూసీ చూడనట్టు వంగి ఉన్నారు. అంటే అందరికీ తెలుసు! నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలోని నారు కట్టను బురదలో విసిరికొట్టాను.

"ఎవరు చేయమన్నరు నిన్ను? నేను అడిగిన్నా?"

మేమంతా అక్కా అని పిలిచే గుంపు పెద్ద నడుము మీద చేయి పెట్టుకుని లేచింది.

"ఎందుకు ఒర్రుతున్నవ్? చాతగాదని నోటితోని చెప్పరాదా? నువ్వు చెప్పకపోతివి, నీ మునుం సుత ఆమెనే చేయవట్టె. ఆమెది నడుము కాదా?"

వదిన మీది కోపం తిరిగొచ్చి నా మీదే పడింది. నొప్పి ఓర్చుకుని ఏదో గొప్ప పని చేస్తున్నాననుకున్నాను. ఆ బరువంతా ఆమె మోసింది.

"నాతోని అయితలేదక్కా," అన్నాను. "నారు పీకుత. దాన్ని బదులు కింద పట్టుకుంటరా?"

"గిది ముందుగాల చెప్తే ఏం పోతుండె?" అని అక్క మళ్లీ వంగింది.

నారుమడిలో ఎత్తు పీట మీద కాలు చాపుకుని కూర్చోవడం మొదట్లో చచ్చేంత సిగ్గనిపించింది. దారిన పోయేవాళ్లు "ఏంది, గప్పుడే ముసల్దానివైతివా?" అంటే తిట్లు నోటిదాకా వచ్చేవి. అయినా వేర్లు తెగకుండా పీకడం, బురద కడిగి కట్ట కట్టడం మెల్లగా చేతికొచ్చింది. గుంపు ఖాళీగా నిలబడకుండా నారు అందించేదాన్ని.

నా ఎకరానికి వంతు వచ్చింది. అందరూ వచ్చారు. నేను కూర్చోబోతుంటే వదిన పీట లాక్కుంది.

"ఇయ్యాల నీ పొలమే గదా. గట్టు మీద కూసో. నారు సుత మేమే పీకుతం."

మళ్లీ అదే జాలి. నాకు మళ్లీ మండింది. పీట గుంజుకున్నాను.

"నాతోని ఏం కాదో నేనే చెప్పిన కదా వదినా. ఏమైతదో సుత నన్నే చెప్పనియ్యి."