మల్లెమొగ్గల హంస

బి.ఏ. ప్యాసై, ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్న రోజులవి. అరవైలు అప్పుడే మొదలయ్యాయి. గూడూరుకు తూర్పున, పులికాటు ఒడ్డున మా ఊరు.

ఏటా మా గుడి ఉత్సవాల్లో ఒక సాయంత్రం దేవుడు పూలపల్లకిలో ఊరేగుతాడు. పల్లకి ముందు కూర్చునే మల్లెల హంస మా మేనత్త చేతిది. ఊళ్ళో అందరికీ ఆమె ‘హంస అత్త’. ఒక్క ఏడు ఇవ్వలేకపోతే ఆ పని ఇంకో ఇంటికి పోతుంది, మళ్ళీ తిరిగి రాదు. అది ఊరి కట్టుబాటు. ఆ ఏడు ఉత్సవం సరిగ్గా పది రోజులుందనగా అత్త బావి దగ్గర జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పుత్తూరు కట్టు కట్టించుకొచ్చి, ఖాళీగా ఉన్న చేతుల కోసం వెతికింది. నావి కనిపించాయి.

“రెండు చేతులుండాయి కదరా, చాల్లే” అంది. పట్టా వచ్చాక నా అర్హతల గురించి ఇంట్లో విన్న మొదటి మంచి మాట అది.

వెదురు బద్దలు వంచి, ఎండుగడ్డి చుట్టి, పైన అరటి దొప్ప కప్పితే హంస ఒళ్ళు తయారవుతుంది. నా మొదటిదాన్ని చూసి “సొరకాయ” అంది. రెండోదాన్ని చూసి “ముదురు సొరకాయ” అంది. ఐదోదాన్ని చూసి ఏమీ అనలేదు. నేను కొంచెం పొంగిపోయాను.

దేవుడి పూలు వాసన చూడకూడదని నా ముక్కుకూ నోటికీ కలిపి తువ్వాలు కట్టింది. అందులో భక్తి ఎంతో, నా మాటలు వినలేకపోవడం ఎంతో నేను అడగలేదు. అడిగే వీలూ లేదు.

ఉత్సవం రోజు మధ్యాహ్నం బుట్టెడు మొగ్గలొచ్చాయి. దారానికి గుచ్చి, వరస పక్కన వరస దొప్పకు కుట్టాలి. “మొగ్గకీ మొగ్గకీ సందివ్వరా” అని పదిసార్లు చెప్పి, అత్త స్నానానికి పోయింది. ఆ సందుల్లోంచి దొప్ప బోసిగా కనిపిస్తోంది. ఇంత చదివినవాడి చేతిపని ఇంత పిసినారిగా ఉంటే ఏం బాగుంటుంది? కూరి కూరి కుట్టాను.

మల్లెమొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుందన్న సంగతి పుట్టినప్పటినుంచీ నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం మాత్రం గుర్తు రాలేదు.

పొద్దు వాలేసరికి హంస ఉబ్బింది. చోటు చాలక పూలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. దారాలు వదులై, మెడ కింద పూలు పెద్ద సంచీలా వేలాడాయి.

“సందిచ్చినావా?”

“నిండుగా ఉంటుందని...”

అత్త నన్నొక చూపు చూసి అరుగు మీద చతికిలబడింది. ఆ చూపు కంటే సొరకాయ అన్న మాటే నయం. ఇంతలో గుడి ధర్మకర్త రానే వచ్చాడు. “తూర్పు వీధివాళ్ళు చిలకను చేసి పెట్టుకోనుండారమ్మా, ఎందుకైనా మంచిదని” అంటూనే నా పనిని చూసి ఆగిపోయాడు. “ఏందిది?”

నేను నోరు తెరిచేలోపే అత్త రెప్ప వాల్చకుండా అంది: “గూడబాతు.”

“గూడబాతా?”

“ఏం, ముక్కు కింద సంచీతో మన మడుగుల్లో వాలే పక్షి కాదా? హంసను మనూళ్ళో ఎవురు చూసినారు? నువ్వు చూసినావా అన్నా?”

ఆయన చూడలేదు. గూడబాతు పల్లకి ఎక్కింది. మెడ కింది సంచీ చూసి పడవలవాళ్ళు మురిసిపోయి, చేపలు పట్టే పక్షిని దేవుడు ఇన్నాళ్ళకు గుర్తించాడని దండాలు పెట్టారు.

మరుసటేడు గుడినుంచి కబురొచ్చింది, మళ్ళీ గూడబాతే కావాలని. అత్త చెయ్యి అప్పటికి బాగైంది. మూడుసార్లు కుట్టింది, మూడుసార్లూ చక్కటి హంసే వచ్చింది. కూరి కుట్టడం ఆ వేళ్ళకు చేతకాలేదు. అప్పటికి నాకు నెల్లూరులో కొత్త ఉద్యోగం. అత్త పిలిస్తే రెండు రోజులు సెలవు పెట్టి వచ్చాను. అర్జీలో కారణం రాయడానికి పడిన అవస్థ వేరే సంగతి.

బుట్ట నా ముందుకు తోసి, తువ్వాలు కట్టి, అత్త మొహం గోడవైపు తిప్పుకుంది.

“సందివ్వబాకరా” అంది.