పుర్రచేతి పూలతీగ

మొన్న జాకెట్టు ఇవ్వడానికి ఇబ్రహీంపట్నంలోని మగ్గం వర్క్ దుకాణానికి వెళ్తే, ఒకావిడ ఎడమచేత్తో చకచకా పువ్వు కుడుతోంది. ఎవరూ ఏమీ అనడం లేదు. మా మేనత్త ఉంటే ఎంత సంబరపడేదో అనుకున్నాను.

అత్త బతికున్న రోజుల్లో నేను నగరంలో ఒక మ్యూజియంలో పాత బట్టలు చెడిపోకుండా కాపాడే విభాగంలో కొత్తగా చేరాను. ఇంట్లోవాళ్లంతా నాది ఇస్త్రీ ఉద్యోగమనే అనుకునేవారు. నాకు అప్పగించిన మొదటి వస్తువు ఒక పాత పట్టు షేర్వాణీ, దాని కిందంచు పొడుగునా ఎర్రదారంతో కుట్టిన పూలతీగ. నెలరోజులు భూతద్దం పట్టుకుని దాని మీదే వాలిపోయాను. చివరికి నేను కనిపెట్టిన ఘనకార్యం ఏమిటంటే, తీగలో సగం దాకా కుట్లు ఒకవైపు వాలితే, మిగతా సగం ఎదురువైపు వాలాయి. ఆ రెండో సగం తర్వాతెవరో చేసిన మరమ్మతని, సోమవారం విప్పేద్దామని మా సారు తేల్చారు. నేను పొంగిపోయాను.

ఆదివారం మేనత్త ఇంటికి వెళ్లి, గొప్ప చెప్పుకోవడానికే ఫోనులో ఫోటో చూపించాను. ఆవిడ ఇబ్రహీంపట్నంలో జాకెట్లు కుట్టేది, అదీ ఎడమచేత్తో. పేరంటాల్లో పసుపుకుంకాలు కూడా ఆ చేత్తోనే ఇవ్వబోయి చీవాట్లు తినేది. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"గిది మరమ్మతు కాదు బిడ్డా. పుర్రచెయ్యోళ్ల కుట్టు. నేను కుట్టినా గట్లనే వాలుతది."

ఎడమచేతిని మావైపు పుర్రచెయ్యి అంటారు. చిన్నప్పటినుంచీ ఆ మాట తిట్టుగానే విన్నాను. మర్నాడే దాన్ని విప్పేస్తున్నామని చెప్పాను. బట్ట లోపలివైపు చూడమంది అత్త. మరమ్మతు చేసేవాళ్లు పైకి కనిపించే వెలిసిన రంగుకే దారం సరిచూస్తారు కాబట్టి, వెలుతురు తగలని చోట రంగులు కలవవట.

సోమవారం సారును బతిమాలి, లోపలి అస్తరు గుడ్డ అంచు కొంచెం ఊడదీసి చూశాం. రెండు సగాల్లోనూ ఒకటే దానిమ్మపువ్వు ఎరుపు. మొదటి ముడులు మాత్రం తీగకు చెరో కొసనా ఉన్నాయి. ఇద్దరు మనుషులు చెరో చివరా మొదలుపెట్టి మధ్యపువ్వు దగ్గర కలుసుకున్నారన్నమాట. సారు విప్పే పని మానేద్దామన్నారు. తర్వాత, మీ అత్త మన దగ్గర పనిచేస్తుందేమో అడగమన్నారు.

ఆ షేర్వాణీని ప్రదర్శనకు పెట్టినప్పుడు అత్తను తీసుకెళ్లాను. పక్కన అట్టమీద 'సగం ఎడమచేతి పని' అని ఉన్నది రెండుసార్లు చదువుకుంది.

"మా అమ్మ ఈ చెయ్యి మీద గంటెతోని కొట్టేది," అంది. "గిప్పుడు చూడు, అద్దాల బీరువల పెట్టిన్రు."

నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నేనూ అంతే. ఆ ఎడమచేతి సగం కుట్టిన మనిషి పేరు ఈనాటికీ మాకు తెలియదు. పేరు పోగొట్టిన కాలమే, ఆ చేతివాటాన్ని పోగు చెదరకుండా దాచిపెట్టింది.